మాచారంలో మాట, దావోస్‌లో సంతకం

మా అచ్చంపేట దోస్తుల వాట్సాప్ గ్రూపులో ఏప్రిల్ నుంచి ఒకటే పంచాయితీ. "సీఎం సారు జపాన్ పోయి 12,062 కోట్లు తెచ్చిండు" అని ఒకరు పోస్టు పెడతారు. "ముందు మా నాయిన అకౌంట్ల రైతు భరోసా ఎయ్యుమను" అని వెంటనే ఇంకొకరు. మూడో మనిషి బ్రహ్మానందం స్టిక్కర్ పెట్టి తప్పుకుంటారు. అక్కడితో అయిపోదు. "పెట్టుబడులు రాకుంటే కొలువులెట్లొస్తయి" అని ఒక వర్గం. "ఇల్లు కారుతుంటే గోడలకు రంగులేస్తరా" అని ఇంకో వర్గం. రాత్రి పదకొండు దాటాక అడ్మిన్ మెసేజులు బంద్ చేస్తే తప్ప ఆగదు.

ఈ పంచాయితీ మా గ్రూపుకే పరిమితం కాదు. 2023 డిసెంబర్ 7న ఎల్బీ స్టేడియంలో రేవంత్ రెడ్డి ప్రమాణం చేసినప్పటి నుంచి రాష్ట్రమంతా ఏదో ఒక రూపంలో నడుస్తున్నదే. మొదటి ఏడాదిన్నరలో ముఖ్యమంత్రి రెండుసార్లు దావోస్ వెళ్లారు. అమెరికా, దక్షిణ కొరియా, సింగపూర్, జపాన్ తిరిగి వచ్చారు. అదే ఏడాదిన్నరలో ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చింది, రుణమాఫీ జరిగింది, రేషన్ షాపులో సన్నబియ్యం వచ్చింది. చెప్పినవాటిలో రానివి కూడా ఉన్నాయి. మహిళలకు నెలకు 2,500 రూపాయలు ఇప్పటికీ మాటగానే ఉంది. ఎకరాకు ఏడాదికి 15,000 అన్న రైతు భరోసా 12,000 అయింది.

మాకైతే ఈ చర్చలో ఇంకాస్త ఎక్కువ ఉలుకు. ముఖ్యమంత్రి కొడంగల్ ఎమ్మెల్యేనే గానీ, ఆయన పుట్టిన కొండారెడ్డిపల్లి ఉన్నది వంగూరు మండలంలో, అంటే మా అచ్చంపేట నియోజకవర్గంలో. "మనోడే కదా" అన్న మురిపెం ఒకవైపు, "మనోడైతే మరి మనకేంది" అన్న ప్రశ్న ఇంకోవైపు. రెండూ ఒకే చాయ్ కొట్టు దగ్గర, ఒక్కోసారి ఒకే నోటి నుంచి వినపడుతుంటాయి.

నేను ఏ వర్గమో చెప్పమని గ్రూపులో అడుగుతుంటారు. ఇంటా బయటా అని రెండు కుప్పలు పోసి కొట్టుకోవడం వల్ల అసలు అడగాల్సింది అడగకుండా పోతున్నామని నా బాధ. అదేంటో చెప్తాను.

కోట్లు వేరు, కొలువులు వేరు

ముందుగా ఒక చిన్న సంగతి. విదేశాంగ విధానం రాష్ట్రాల చేతిలో ఉండదు. వీసాలు, యుద్ధాలు, ఒప్పందాలు అన్నీ ఢిల్లీ చూసుకుంటుంది. కాబట్టి ముఖ్యమంత్రి విదేశం పోతే చేయగలిగింది ప్రధానంగా ఒకటే: "మా దగ్గర పెట్టుబడి పెట్టండి" అని అడగడం. ఇది ఈ ప్రభుత్వం కనిపెట్టిందేమీ కాదు. కేటీఆర్ మంత్రిగా ఉన్నప్పుడు దావోస్ వెళ్లారు. పక్క రాష్ట్రం నుంచి చంద్రబాబు, మహారాష్ట్ర నుంచి ఫడ్నవీస్ 2025 జనవరిలో అక్కడే ఉన్నారు. అందరూ అంగడికి పోయినప్పుడు మనం ఇంట్లో కూర్చుంటే మన సరుకు అమ్ముడుపోదు. ఆ మేరకు పోవడం తప్పు కాదు.

ఇక తెచ్చిందేమిటి? 2025 జనవరిలో దావోస్ నుంచి ప్రకటించిన మొత్తం 1,78,950 కోట్లు, ఉద్యోగాలు 49,550. ఈ అంకె వినగానే గ్రూపులో చప్పట్ల ఎమోజీలు వరుస కట్టాయి. కానీ ఇవన్నీ ఎంఓయూలు. ఎంఓయూ అంటే పిల్లను చూసి వచ్చినట్టు. నచ్చింది, మాట్లాడుకుందాం అన్నారంతే. లగ్గం కోటు కూడా కాలేదు. తర్వాత భూమి కావాలి, నీళ్లు కావాలి, అనుమతులు రావాలి, బ్యాంకు అప్పివ్వాలి. ఇవన్నీ దాటినవే ఫ్యాక్టరీలవుతాయి. మధ్యలో ఆగిపోయేవి ఏ ప్రభుత్వంలోనైనా ఉంటాయి.

ఆ జాబితాలో మేఘా ఇంజినీరింగ్ ఉంది. హైదరాబాద్ కంపెనీ. మన ప్రభుత్వం, మన ఊరి కంపెనీ స్విట్జర్లాండ్ మంచులో కూర్చుని 15,000 కోట్లకు సంతకాలు చేసుకున్నాయి. ప్రతిపక్షం దీన్ని పట్టుకుని నవ్వింది. నవ్వు రావడం సహజమే. కానీ నవ్వి వదిలేస్తే, అదే జాబితాలో మనకు నేరుగా తగిలే ఇంకో పేరు కంటికి ఆనకుండా పోతుంది. సన్ పెట్రోకెమికల్స్ అనే కంపెనీ 45,500 కోట్లతో నాగర్‌కర్నూల్, మంచిర్యాల, ములుగు జిల్లాల్లో పంప్డ్ స్టోరేజ్ కరెంటు ప్రాజెక్టులు, వాటికి జోడుగా సోలార్ ప్లాంట్లు పెడతామంది. నాగర్‌కర్నూల్ అంటే మన జిల్లానే.

పంప్డ్ స్టోరేజ్ అంటే కొత్త విద్య కాదు. పైన ఒక చెరువు, కింద ఒక చెరువు. కరెంటు ఎక్కువగా ఉన్నప్పుడు నీళ్లు పైకి తోడతారు. సాయంత్రం అందరిళ్లలో ఫ్యాన్లు, టీవీలు తిరిగే వేళకు కిందికి వదిలి కరెంటు తీస్తారు. మన అమ్రాబాద్ మండలం ఈగలపెంటలో, కొండ కడుపులో ఉన్న శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం ఈ పనే చేయగలదు. 150 మెగావాట్లవి ఆరు యూనిట్లు, మొత్తం 900 మెగావాట్లు. దాన్ని కట్టింది జపాన్ రుణ సాయంతోనే. అంటే విదేశీ పైసలు నల్లమలకు ఇదివరకే ఒకసారి వచ్చాయి, నిజంగానే కరెంటు అయ్యాయి. విదేశం అనగానే ఎగతాళి చేసేవాళ్లకు ఈగలపెంట ఒక జవాబు.

మరి ఇప్పుడు చెప్పిన ప్రాజెక్టు మన జిల్లాలో ఏ ఊళ్లో? ఎవరి భూమిలో? అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉంది కదా, దాని పక్కనా, లోపలా? 7,000 మందికి పని అన్నారు. అది కట్టే రోజుల్లో కూలిపనా, కట్టాక ఉండే కొలువా? 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు ఈ నల్లమల జనం లేచి నిలబడితే, అదే సెప్టెంబర్‌లో అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. అడిగితే వినిపిస్తుందని మనకు అప్పుడే తెలిసింది. ఇప్పుడు అడగాల్సినవి ఈ ప్రశ్నలు. చప్పట్ల ఎమోజీ, బ్రహ్మానందం స్టిక్కర్ రెండూ ఈ ప్రశ్నలను అడగవు.

జపాన్ లెక్క కూడా కొంచెం విప్పి చూడండి. 12,062 కోట్లలో 10,500 కోట్లు ఎన్‌టీటీ డేటా, నెయిసా కలిసి పెడతామన్న ఏఐ డేటా సెంటర్‌వి. డేటా సెంటర్ అంటే యంత్రాల ఇల్లు. డబ్బు ఎక్కువ తింటుంది, మనుషులు తక్కువ కావాలి. మరుబేని అనే కంపెనీ ఫ్యూచర్ సిటీలో పెడతామన్న పారిశ్రామిక పార్కు విలువ 1,000 కోట్లే. కానీ ప్రకటించిన 30,500 ఉద్యోగాల్లో దాదాపు 30,000 దానివే. హెడ్డింగులో కనపడేది కోట్లు. మనకు కావాల్సింది కొలువులు. ఈ రెండు అంకెలు జంటగా నడవవని గుర్తుంటే చాలు.

ఆ ఫ్యూచర్ సిటీ ఎక్కడో కాదు, మనం హైదరాబాద్ పోయే శ్రీశైలం రోడ్డు పక్కనే. అచ్చంపేట బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే ఆమనగల్లు, కడ్తాల్, కందుకూరు అన్నీ వస్తాయి. దారి పొడుగునా వెంచర్ల బోర్డులే. భూమి రేటు ముందే వచ్చేసింది. కొలువు ఎప్పుడొస్తుందో బోర్డు మీద రాయలేదు.

అందాల పోటీ, పిల్లలమర్రి

మే నెలంతా మిస్ వరల్డ్ గోల. దేశదేశాల అమ్మాయిలు రామప్ప చూశారు, పోచంపల్లి చూశారు, మన పాలమూరు పిల్లలమర్రి కింద ఫొటోలు దిగారు. మే 31న థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాతా కిరీటం పెట్టుకుంది. ప్రతిపక్షం ఈ పోటీకి ఖర్చు 200 కోట్లంది. ప్రభుత్వం, అంత కాదు, చాలా తక్కువ, అదీ స్పాన్సర్ల నుంచే అంది.

నా మాట చెప్పమంటే, పిల్లలమర్రిని ప్రపంచం చూడటం మంచిదే. ఆ మర్రి వందల ఏళ్లది. ఈ ఒక్క పోటీకి అయిన ఖర్చుతో మూడు లక్షల కోట్ల రాష్ట్ర బడ్జెట్ మునగదు, తేలదు. దీని మీద మనం నెలరోజులు కొట్టుకున్నాం. అదే నెలలో వాయిదా పడిన వాటి మీద అందులో పదోవంతు కూడా మాట్లాడుకోలేదు. నా అభ్యంతరం అక్కడ.

ఇంటి గల్లా పెట్టె

వాయిదా పడినదేంటో చెప్తాను. రాజీవ్ యువ వికాసం. నిరుద్యోగ యువతకు సొంతంగా పని పెట్టుకోవడానికి 4 లక్షల దాకా, అందులో ఎక్కువ భాగం సబ్సిడీ. 5 లక్షల మందికి 6,000 కోట్లు అన్నారు. 16 లక్షల మందికి పైగా దరఖాస్తు చేసుకున్నారు. జూన్ 2న, రాష్ట్ర అవతరణ రోజు మంజూరు పత్రాలు ఇస్తామన్నారు. ఆ రోజు జెండాలు ఎగిరాయి, పత్రాలు రాలేదు. అనర్హులను ఏరిపారేయాలి, ఇంకా పరిశీలించాలి అన్నారు. పరిశీలించడం మంచిదే. కానీ కొత్త తేదీ చెప్పలేదు.

మా వీధిలో ఒకతను డిగ్రీ చదివి, సెల్‌ఫోన్ రిపేరు నేర్చుకున్నాడు. బస్టాండు దగ్గర మడిగె మాట్లాడుకుని, అడ్వాన్సు కింద 10,000 కట్టాడు. ఇప్పుడు లోను రాలేదు, ఓనరు నెలనెలా అడుగుతున్నాడు. "వస్తదో రాదో ఒక్క మాట జెప్తే నేను వేరే తొవ్వ జూస్కుంట గదన్నా" అంటాడు. డబ్బు లేదంటే అతను అర్థం చేసుకుంటాడు. తేదీ లేకుండా నిలబెట్టడమే అతన్ని తినేస్తున్నది.

పైసలు లేవన్నది అబద్ధం కాదు. ప్రభుత్వం వచ్చిన రెండు వారాలకే, 2023 డిసెంబర్ 20న అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టి రాష్ట్రం అప్పులు 6,71,757 కోట్లని చెప్పింది. బీఆర్ఎస్ వాళ్లు పోటీగా స్వేదపత్రం పెట్టి ఆ లెక్క తప్పన్నారు. లెక్క ఎవరిదైనా, అప్పు అప్పే. నెలకు వచ్చే ఆదాయం 18,500 కోట్లని, అందులో జీతాలు పింఛన్లకు 6,500 కోట్లు, అప్పుల కిస్తీలకు దాదాపు అంతే పోతే మిగిలేది 5,000 కోట్ల చిల్లర అని ముఖ్యమంత్రే పలుమార్లు చెప్పారు. ఆ మిగిలిన దానిలోనే అన్నీ చేయాలి.

చేసినవీ ఉన్నాయి, దాచాల్సిన పని లేదు. ప్రభుత్వ లెక్క ప్రకారం 25 లక్షల పైచిలుకు రైతులకు 20,617 కోట్ల రుణమాఫీ అయింది. డీఎస్సీ పెట్టి పదివేల మందికి పైగా టీచర్లను ఒక్కసారే నియమించారు. మా అమ్మ వాళ్ల స్నేహితురాళ్లు అచ్చంపేట డిపో బస్సెక్కి ఆధార్ చూపించి హైదరాబాద్ పెద్దాసుపత్రికి పోయి వస్తున్నారు. ఇదివరకు రానుపోను చార్జీలకు భయపడి నొప్పిని ఓర్చుకున్న మనుషులు వాళ్లు. ఆ బస్సు విలువ కోట్లలో కొలిచేది కాదు.

కానీ చదువు దగ్గరికి వచ్చేసరికి చూడండి. ఎన్నికల ముందు, బడ్జెట్‌లో 15 శాతం చదువుకిస్తామన్నారు. 2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు. చదువుకు ఇచ్చింది 23,108 కోట్లు. భాగించి చూస్తే ఏడున్నర శాతం. అన్నదాంట్లో సగం. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పాత ప్రభుత్వం నుంచి పేరుకుపోతూ వచ్చాయి, ఇప్పుడూ తీరలేదు. దాని బరువు ఎవరి మీద పడుతుంది? మా చెల్లె క్లాస్‌మేట్ ఒకామె డిగ్రీ అయిపోయింది. సర్కారు ఫీజు ఇవ్వలేదు కాబట్టి నువ్వే కట్టు, కడితేనే మెమో, టీసీ ఇస్తాం అన్నారట కాలేజీవాళ్లు. కాలేజీ పేరెందుకు, ఇలాంటివి మీకూ తెలిసే ఉంటాయి. ఆమె పీజీ కౌన్సెలింగ్‌కు పోవాలంటే ఆ కాగితాలు చేతిలో ఉండాలి. ఆమెకు అసెంబ్లీలో చదివిన బడ్జెట్ ప్రసంగం కంటే ఆ బీరువాలో ఉన్న టీసీ ముఖ్యం.

మన విదేశం ఏది?

ఇప్పుడు బయటి సంగతి ఇంకోవైపు నుంచి చూద్దాం. "విదేశం" అనగానే చర్చంతా సీఎం విమానం చుట్టూ తిరుగుతుంది. మన ఇళ్లలో విదేశం అంటే అది కాదు. అక్క కొడుకు అమెరికాలో ఎంఎస్. పక్కింటి వాళ్ల అల్లుడు దుబాయ్‌లో. బంధువుల అమ్మాయి నర్సింగ్ చేసి జర్మన్ నేర్చుకుంటోంది.

2025 మే 27 నుంచి కొన్నాళ్లు అమెరికా కొత్త విద్యార్థి వీసాల ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఆపింది. సోషల్ మీడియా ఖాతాలు చూసి మరీ ఇస్తామన్నారు. ఆగస్టులో క్లాసులు. ఐ-20 వచ్చి, పొలం తాకట్టు పెట్టి లోను మాట్లాడుకుని, స్లాటు కోసం రోజుకు ఇరవైసార్లు ఫోన్ రిఫ్రెష్ చేసిన పిల్లలు ఈ తాలూకాలోనే ఉన్నారు. వీసా ఇప్పించడం రాష్ట్రం చేతిలో లేదు. కానీ పోయేముందు నమ్మదగిన సలహా ఇచ్చే కౌంటర్ ఒకటి, విదేశీ విద్యానిధి కింద మంజూరైన 20 లక్షలు సెమిస్టర్ ఫీజు గడువు లోపు పడేలా చూడటం, ఇవి రాష్ట్రం చేతిలో ఉన్నవే. స్కాలర్‌షిప్ లేటైతే అక్కడ ఫీజు ఆగదు. పిల్లవాడు చదువు వదిలి రాత్రంతా పని వెతుక్కుంటాడు.

గల్ఫ్ విషయంలో ఈ ప్రభుత్వం ఒక మంచిపని చేసింది. అక్కడ చనిపోయిన కార్మికుల కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని జీవో తెచ్చింది, ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి పెట్టింది. కరీంనగర్, నిజామాబాద్ వైపు ఇది ఎంత పెద్ద విషయమో అక్కడివాళ్లను అడిగితే చెప్తారు. అలాగే ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది. విదేశాల్లో కొలువులకు ఏజెంటు మోసం లేకుండా పంపడం దాని పని. 2025 ఏప్రిల్‌లో, జపాన్‌లో దాదాపు 500 మందికి కొలువులిప్పించేలా రెండు సంస్థలతో ఒప్పందం చేసుకుంది. నర్సింగ్, హోటళ్లు, నిర్మాణం, ఇంజినీరింగ్. 12,062 కోట్ల పక్కన ఈ 500 చాలా చిన్న అంకె. పేపర్లో లోపలి పేజీ. కానీ అచ్చంపేట ఐటీఐలో చదివే పిల్లవాడికి చేయి చాస్తే అందేది ఇదొక్కటే. ఆ విషయం అతనికి చెప్పేవాళ్లు ఎవరు? నేను అడిగిన ఎనిమిది మందిలో ఏడుగురికి టామ్‌కామ్ పేరే తెలియదు. అందరికీ ఏజెంటు ఫోన్ నంబర్ మాత్రం తెలుసు.

బయటి ప్రాధాన్యం అంటే నా దృష్టిలో ముందు ఇది. పోయే మన మనిషి క్షేమం. తర్వాతే వచ్చే వాళ్ల పెట్టుబడి.

దోమలపెంట

మనకు బయటివాళ్లు అంటే మన దగ్గరికి వచ్చినవాళ్లు కూడా. వాళ్ల సంగతి మాట్లాడకుండా ఈ వారం కాలమ్ ముగించలేను.

ఒకప్పుడు దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా అక్కడ పాలమూరు లేబర్ ఉండేది. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి లారీ ఎక్కించేవాడు. మన తాతలు ఎవరి పొలాలకో నీళ్లిచ్చే మట్టి మోశారు. ఇప్పుడు మన దగ్గర సొరంగం తవ్వడానికి జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చారు. ఫిబ్రవరి 22 ఉదయం అమ్రాబాద్ మండలం దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం దాదాపు 14 కిలోమీటర్ల లోపల కూలింది. ఎనిమిది మంది చిక్కుకున్నారు. వాళ్లలో నలుగురు జార్ఖండ్ కూలీలు. చాలాకాలం ఆగిన పని మళ్లీ మొదలైన నాలుగు రోజులకే ఇది జరిగింది.

44 కిలోమీటర్ల సొరంగం అది. శ్రీశైలం నీళ్లు మోటార్లు లేకుండా నల్గొండకు పారాలని, ఫ్లోరైడ్ ఊళ్లకు మంచినీళ్లు అందాలని ఇరవై ఏళ్లుగా తవ్వుతున్నారు. ఇంకా తొమ్మిదిన్నర కిలోమీటర్లు మిగిలింది. తవ్వే యంత్రం అమెరికా కంపెనీ రాబిన్స్‌ది. వెతకడానికి సైన్యం వచ్చింది, ర్యాట్ హోల్ మైనర్లు వచ్చారు, కేరళ నుంచి శవాల జాడ పట్టే కుక్కలు వచ్చాయి. రెండు నెలలు వెతికారు. మార్చిలో ఇద్దరి మృతదేహాలు దొరికాయి. మిగిలిన ఆరుగురు ఇంకా లోపలే. చివరి కొద్ది మీటర్లు మరీ ప్రమాదం, పోతే ఇంకా ప్రాణాలు పోతాయని ఏప్రిల్ చివర వెతకడం ఆపారు.

ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. వెతికేవాళ్లవీ ప్రాణాలే. కానీ ఒక్కసారి ఆ జార్ఖండ్ ఇంటి వైపు నుంచి చూడండి. ఆ ఇంటికి మన దోమలపెంటే విదేశం. అక్కడి పొలం గట్టు మీద కూర్చుని ఒక తండ్రి, కొడుకు శరీరం ఎప్పుడొస్తుందని మన ప్రభుత్వాన్ని అడుగుతున్నాడు. మన ఇంట్లో కొడుకు దుబాయ్‌లో చనిపోతే మనం ఢిల్లీని ఎలా అడుగుతామో అచ్చం అలాగే.

ఎందుకు కూలింది? పైనున్న రాతి పరిస్థితి ముందే తెలుసా? తెలిసీ పని మొదలుపెట్టారా? దానికి జవాబు ఎవరు చెప్తారు? సొరంగం పూర్తి కావాల్సిందే. నల్గొండకు నీళ్లు పోవాల్సిందే. ఆ జవాబు రాకముందే కొత్త తేదీ ప్రకటించి మళ్లీ తవ్వడం మొదలుపెడితే మాత్రం, మన పొలం నీళ్లకు ఇంకెవరి బిడ్డనో పణం పెట్టినట్టే.

మాచారం: వంద రోజులు

మే 19న ముఖ్యమంత్రి మళ్లీ మా దగ్గరికి వచ్చారు. అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం పథకం మొదలుపెట్టారు. పోడు పట్టాలున్న 2 లక్షల 10 వేల మంది గిరిజన రైతులకు, 6 లక్షల ఎకరాలకు సోలార్ పంపుసెట్లతో నీళ్లు. ఐదేళ్లు, 12,600 కోట్లు. జపాన్‌లో ప్రకటించిన మొత్తం కంటే ఎక్కువ. అది కూడా మన సొంత ఖజానా నుంచి పెట్టాల్సింది. ఇంటికి ప్రాధాన్యం లేదనేవాళ్లకు ఇదొక జవాబు.

పథకం మంచిది. చెంచు పెంటల్లో, తండాల్లో పట్టా చేతికొచ్చినా నీళ్లు లేక వాన మీద ఆధారపడి, పంట అయ్యాక మళ్లీ కూలికి వలస పోయేవాళ్లకు ఒక బోరు, నాలుగు ప్యానెళ్లు అంటే ఏడాదంతా ఇంట్లో ఉండగలగడం. కరెంటు స్తంభం అడవిలోకి రాదు, ఎండ మాత్రం వస్తుంది.

కానీ కష్టం ఎక్కడుందో అక్కడి రైతుకు తెలుసు. పట్టా ఉన్నా భూమి అడవి కిందే లెక్క. బోరు బండి లోపలికి పోవాలంటే అటవీ శాఖ ఒప్పుకోవాలి. పులుల అభయారణ్యంలో అది ఇంకా కష్టం. ఆ శాఖ అడ్డుపడిందంటే 12,600 కోట్లు చెక్‌పోస్టు దగ్గరే ఆగుతాయి. "సోలారు ఇస్తరు సరే, ముందు బోరెయ్యనిస్తరా?" అని మన్ననూర్‌లో ఒక పెద్దాయన అడిగాడు. వేదిక మీది ప్రసంగాలన్నింటికంటే నాకు ఆ ఒక్క ప్రశ్న పెద్దది అనిపించింది.

ఆ సభలోనే ముఖ్యమంత్రి, అచ్చంపేట నియోజకవర్గంలో రైతులందరికీ వంద రోజుల్లో సోలార్ పంపుసెట్లు ఇవ్వాలని అధికారులకు చెప్పారు. దావోస్ అంకెలకు లేనిదీ, యువ వికాసానికి లేనిదీ, సొరంగంలో ఉన్న ఆరుగురి ఇళ్లకు దొరకనిదీ ఈ మాటకు ఉంది. ఒక గడువు. మే 19 నుంచి వంద రోజులంటే ఆగస్టు 27.

అందుకే ఇంటా బయటా తగువును పక్కన పెట్టి, గ్రూపులో నేను ఒక పని మొదలుపెట్టమన్నాను. ఏ ప్రకటన వచ్చినా, అది టోక్యోలో చేసినా మాచారంలో చేసినా, మూడే మూడు రాసుకోవాలి. ఏ ఊళ్లో? ఏ తేదీకి? ఆలస్యమైతే ఏ అధికారి జవాబుదారీ? ఈ మూడింటికీ జవాబుంటే అది పని. లేకుంటే అది వార్త. అంతే తేడా.

ఇది ఊరికే ఉబుసుపోక చేసే పని కాదు. సమాచార హక్కు చట్టం ఉంది. పంచాయతీలో అడిగితే ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మన మండలంలో ఎన్ని పోడు పట్టాలున్నాయి, ఎన్ని బోర్లకు అటవీ శాఖ అనుమతిచ్చింది, ఎన్ని పంపుసెట్లు బిగించారు అని తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి. రీఛార్జ్ ఖర్చు కంటే తక్కువ. జిల్లాలో సన్ పెట్రో వాళ్లకు ఏ ఊళ్లో ఎంత భూమి చూపిస్తున్నారని ఇంకో కాగితం. యువ వికాసం పత్రాలు ఎప్పుడని మూడో కాగితం. నేను మొదటిది రాశాను. మిగిలిన రెండు ఎవరైనా తీసుకోండి.

ఒక్క మాట మాత్రం మరిచిపోవద్దు. జవాబు మంచిదైతే అది కూడా గ్రూపులో పెట్టాలి. ఆగస్టు 27కు మాచారంలో బోరు నీళ్లు పోస్తుంటే ఆ వీడియో నేనే ముందు షేర్ చేస్తాను. "చేసిండు" అని రాయడానికి నాకు ఏ పార్టీ అడ్డం రాదు. చేయకుంటే, ఎక్కడ ఆగింది, ఎవరి టేబుల్ మీద ఆగింది అని పేరుతో సహా రాస్తాను. అప్పటిదాకా స్టిక్కర్లకు కాస్త విరామం ఇద్దాం.